వెన్నెల్లో రంగులా?

సినిమాల మీద రాసుకు బతికేవాడికి ఇంట్లో ప్రొజెక్టర్ ఎందుకయ్యా, థియేటర్లు లేవా అంటారా? ఉన్నాయి. మా నాన్న మోకాళ్లే మెట్లెక్కనంటున్నాయి. కార్బన్లు వెలిగించి, ముప్ఫయ్యేళ్లు ఊరందరికీ బొమ్మ చూపించిన ఆపరేటర్ ఆయన!

దాచుకున్న పారితోషికాలు జేబులో వేసుకుని, నాన్నని ఆటో ఎక్కించుకుని షాపుకి వెళ్లాను. షాపబ్బాయి రెండు మెషీన్లు చూపించాడు. ఒకటి డీఎల్‌పీ, చవక. రెండోది త్రీ ఎల్‌సీడీ, పదిహేను వేలు ఎక్కువ. నేను లూమెన్లు బేరీజు వేస్తుంటే నాన్న 'మాయాబజార్' వెయ్యమన్నారు. 1957లో మార్కస్ బార్‌ట్లే తెరకెక్కించిన వెన్నెల! నా కళ్లకి రెండు మెషీన్లూ ఒకటే.

"ఒరే, వెన్నెల్లో ఎరుపూ ఆకుపచ్చా మెరుస్తున్నాయేమిట్రా?" అన్నారు డీఎల్‌పీ చూసి.

అబద్ధం కాదు. ఆ రకం డీఎల్‌పీలో చిప్ ఒక్కటే. రంగులు ఒకదాని వెంట ఒకటి పడతాయి. మన కళ్లే వాటిని కలుపుకుంటాయి. చూపు చటుక్కున తిప్పితే కొందరికి విడివిడిగా కనిపిస్తాయి. త్రీ ఎల్‌సీడీలో మూడు రంగులూ ఒకేసారి పడతాయి కనక ఆ పేచీ లేదు.

"అలవాటైపోతుందిలే, చవకదే తీసుకో" అన్నారు నాన్న. జేబు కూడా అదే అంది. నేను మాత్రం వినలేదు.

మీరూ కొనబోతున్నారా? లూమెన్లొక్కటే చూడకండి. ఎవరి కోసం కొంటున్నారో వాళ్ల కళ్లకి చూపించి కొనండి.

ఆ రాత్రి లైట్లార్పి, ఫోకస్ తిప్పబోయాను.

"నువ్వు లే" అన్నారు నాన్న. "అది ఆపరేటర్ పని!"