కోటగడ్డ దారిలో కొత్త బడి

కొండాపూర్ అనగానే హైదరాబాద్‌లోని అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ సంగారెడ్డి జిల్లాలో మరో కొండాపూర్ ఉంది. అక్కడ మట్టిదిబ్బ కింద రెండువేల ఏళ్లనాటి ఊరు బయటపడింది. ఆ ఊరికి వెళ్లే దారిలోనే, కందిలో, అరువు గదుల్లో మొదలై ఏటేటా ఎదిగిన ఓ పెద్ద బడి ఉంది. అదే ఐఐటీ హైదరాబాద్!

పటాన్‌చెరు దాటాక రహదారికి అటూఇటూ ఫ్యాక్టరీలే. లారీలు, పొగగొట్టాలు, షిఫ్టు బస్సులు. ఇస్నాపూర్, రుద్రారం దాటి సంగారెడ్డి ఇంకాస్త దూరం ఉందనగా కంది వస్తుంది. అక్కడ 576 ఎకరాల్లో విస్తరించిన ప్రాంగణం కనిపిస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లల్ని ‘అదిగో ఐఐటీ’ అని తట్టి చూపించని తల్లిదండ్రులు అరుదు.

యుద్ధవాహనాల పక్కన పాఠాలు

ఈ బడి పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 2008లో తొలి తరగతులు ఎద్దుమైలారంలో జరిగాయి. సైన్యానికి పోరాట వాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణే తాత్కాలిక ప్రాంగణం. మద్రాసు ఐఐటీ పెద్దన్నలా చేయి పట్టుకుని నడిపించింది. అప్పుడున్నవి మూడే బ్రాంచీలు: కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్, మెకానికల్. ఆ పిల్లలు 2012లో పట్టాలు అందుకునే నాటికి కూడా సొంతిల్లు సిద్ధం కాలేదు. 2009లో శంకుస్థాపన జరిగిన కంది ప్రాంగణానికి తరగతులు 2015లో మారాయి. జపాన్ ఆర్థిక సాయం చేసింది. టోక్యో విశ్వవిద్యాలయ నిపుణులు కొన్ని భవనాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు.

ఆ తర్వాత అడుగులు వేగం పుంజుకున్నాయి. 2019లో దేశంలోనే మొదటిసారిగా కృత్రిమ మేధలో బీటెక్ కోర్సు ఇక్కడ మొదలైంది. 2022లో డ్రైవర్ లేకుండా నడిచే వాహనాలను పరీక్షించే ప్రత్యేక ట్రాక్ ప్రారంభమైంది.

మరి ర్యాంకుల మాటేంటి? కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజినీరింగ్ జాబితాలో 2016లో ఏడో స్థానం. మరుసటి ఏడు పదికి జారింది. 2018లో తొమ్మిది, 2019లో ఎనిమిది... 2022లో మళ్లీ తొమ్మిది. చివరికి 2025లో ఏడు! తొమ్మిదేళ్లు తిరిగి మొదలైన మెట్టు మీదికే వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ 2016లో కందికి వచ్చి ఏడాదే అయిన బడికీ, ఇప్పటి బడికీ పోలికే లేదు. ప్రోగ్రెస్ కార్డులో ఒక్క అంకె చూసి పిల్లల్ని కోప్పడే పెద్దలు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన విషయమిది.

దిబ్బలో పొరలు పొరలుగా

సంగారెడ్డి దాటి సుమారు పదిహేను కిలోమీటర్లు వెళితే కొండాపూర్. ఊరి పక్కనున్న దిబ్బను స్థానికులు కోటగడ్డ అంటారు. 1940ల్లో నిజాం రాజ్య పురావస్తు శాఖ దీన్ని తవ్వితే ఇటుక కట్టడాలు, మట్టిబొమ్మలు, రంగురంగుల పూసలు, ఇనుప పనిముట్లు, పెద్ద సంఖ్యలో శాతవాహన నాణేలు దొరికాయి. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా ఇక్కడ బయటపడింది. నాణేల అచ్చులు దొరకడంతో ఇక్కడ టంకశాల ఉండేదని నిపుణులు చెబుతారు.

చిత్రమేమిటంటే కందిలో పునాదిరాయి పడిన 2009లోనే కొండాపూర్‌లో కేంద్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టింది. ఒకచోట రేపటి కోసం పునాది, మరోచోట నిన్నటి కోసం తవ్వకం!

మ్యూజియంలో అద్దాల వెనకున్న పూసల్ని చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఈ నేలకు పనితనం కొత్త కాదు. లోహం కరిగించి నాణెం పోసిన చేతులు ఇక్కడివే. ఆ నేల మీద ఇప్పుడు పెద్ద చదువు కూడా వచ్చింది. అయితే ఐఐటీ సీట్లలో స్థానికులకు ప్రత్యేక కోటా లేదు. ప్రహరీ పక్క ఇంట్లో పుట్టిన పిల్లాడైనా దేశమంతటి పిల్లలతో పోటీపడి జేఈఈ అడ్వాన్స్‌డ్ గడప దాటాల్సిందే. అమ్మాయిల సంఖ్య పెంచడానికి 2018 నుంచి ఐఐటీలన్నీ అదనపు సీట్లు ఇస్తున్నాయి. కొండాపూర్ బడి నుంచి కంది బడికి దూరం తక్కువే. ఆ దూరాన్ని దాటించాల్సింది మాత్రం ఊళ్లలోని లెక్కల మాస్టార్లూ, సైన్సు టీచర్లూ. కంది బడి ప్రగతిని లెక్కగట్టేటప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎందరు లోపలికి వెళ్లారన్నదీ చూడాలి. ఏ ర్యాంకుల జాబితాలోనూ ఆ గడి ఉండదు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డికి బస్సులు తరచూ ఉంటాయి. అక్కడి నుంచి కొండాపూర్‌కు రోడ్డు మార్గం ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం పిల్లలతో వెళ్లేవారు ఎండ ముదరకముందే కోటగడ్డ చూసి, ఆ తర్వాత మ్యూజియానికి వెళితే హాయిగా ఉంటుంది.