ట్రయల్‌కు కార్డు చెల్లుతుందా?

ఊరి నుంచి నాకొచ్చే ఫోన్లలో రక్త క్యాన్సర్ మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి నుంచి ఒకసారి, హిందూపురం నుంచి ఇంకోసారి, పెనుకొండ దగ్గర పల్లె నుంచి మరోసారి. "అమెరికాలో కొత్త మందేదో వచ్చిందంట గదా నాయనా, మా పిల్లోనికి దొరుకుతుందా?" అని మొదలుపెడతారు. కాసేపయ్యాక అసలు ప్రశ్న వస్తుంది. "ఆరోగ్యశ్రీ కార్డు దానికి చెల్లుతుందా?" న్యూజెర్సీలో ఉంటున్న నేను డాక్టర్ని కాదు. మందు సంగతి డాక్టర్లే చెప్పాలి. కార్డు సంగతి మాత్రం మనందరం పట్టించుకోవాల్సిందే.

ఆ ప్రశ్న అడిగే హక్కు మా ప్రాంతానికి బాగా ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురమూ ఉంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన ఈ మూడు ఊళ్లూ అప్పుడు అనంతపురం జిల్లావే. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు మారుతూ వచ్చింది. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే. అది రాకముందు ఇంట్లో ఒకరికి లుకేమియా వస్తే చేను అమ్మడమో, వడ్డీకి అప్పు తేవడమో తప్పేది కాదు. కుటుంబానికి ఏడాదికి 2 లక్షలతో మొదలైన పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. 2019 నవంబరు 1 నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రుల్లోనూ కార్డు చెల్లడం మొదలైంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా వెళ్లే రైలు బెంగళూరుకే చేరుస్తుంది కాబట్టి మావాళ్లకు అది పెద్ద ఊరట.

కార్డు ఇంతదాకా వచ్చినా, అమెరికాలో వచ్చిన కొత్త మందు చాలాసార్లు ట్రయల్‌లోనే దొరుకుతుంది, అంటే కొత్త మందును రోగుల సమ్మతితో పరీక్షించే అధ్యయనంలో. ఆ మాట అనగానే "మనమీద మందులు పరీక్ష చేస్తారంట" అని భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. మరుసటి ఏడాది ఆ అధ్యయనాన్ని ఆపేశారు.

అయితే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లు ఇవాళ రోజూ మాత్ర వేసుకుని తమ పనులు తాము చేసుకుంటున్నారంటే అది కూడా ట్రయల్ పుణ్యమే. 1998లో అమెరికాలో డాక్టర్ బ్రయాన్ డ్రూకర్ ఇమాటినిబ్ మందును రోగుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. ఇండియాలో నోవార్టిస్ బ్రాండ్ మందుకు నెలకు సుమారు 1,20,000 రూపాయలయ్యేది. హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీల మందు పదివేల లోపే దొరికింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు పేటెంట్ నిరాకరించడంతో చవక మందు దారి ఖాయమైంది.

కొత్త చికిత్సలకు ఆ దారి ఇంకా పడలేదు. రోగి సొంత టీ కణాలను బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టి చంపేలా మార్చి, తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్స ఉంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో 2017లో తొలి కార్-టీ ధర 4,75,000 డాలర్లు. దానితో పోలిస్తే మనది చాలా చవకే అయినా వచ్చిన కొత్తలో 30 లక్షల పైమాటే. కార్డు పరిమితికి అది అందలేదు. ఇలాంటి మందు అవసరమైన పేద రోగికి చాలాసార్లు మిగిలేది ట్రయల్ ఒక్కటే.

ట్రయల్‌లో కొత్త మందుకు రోగి డబ్బు కట్టడు. 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారమూ ఇవ్వాలి. మిగతా ఖర్చుల సంగతే తేలాలి. ట్రయల్‌లో ఉన్నా లేకున్నా రోగికి ఎలాగూ పడక కావాలి, రక్తపరీక్షలు కావాలి, ప్లేట్‌లెట్లు కావాలి, జ్వరమొస్తే యాంటీబయాటిక్స్ కావాలి. అమెరికాలోనూ ఈ చిక్కు ఉండేది. పెద్దవయసువాళ్ల మెడికేర్ 2000లో ఈ మామూలు ఖర్చులు భరించడం మొదలుపెట్టింది. 2014 నుంచి చాలావరకు ప్రైవేటు బీమా కంపెనీలకూ, 2022 జనవరి 1 నుంచి పేదవాళ్ల మెడికెయిడ్‌కూ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. పేదవాళ్ల వంతు అందరికంటే చివర వచ్చింది. మన దగ్గర అలా జరగకూడదు.

ఆరోగ్యశ్రీ ప్యాకేజీల మీద నడుస్తుంది. ఏ జబ్బుకు ఏ చికిత్స, దానికి ఎంత సొమ్ము అన్నది ముందే రాసి ఉంటుంది. ట్రయల్ అలాంటి జాబితాలో ఇమడదు. అందుకే ఒక నిబంధన విడిగా, స్పష్టంగా రాయాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ట్రయల్‌లో చేరిన కార్డుదారుకు మామూలు చికిత్స ఖర్చంతా పథకమే భరించాలి. దారిఖర్చు, పోయిన కూలి కూడా లెక్కలోకి రావాలి. మగ్గం ఆగితే ఆ ఇంట్లో సంపాదన ఆగుతుంది. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు ఇచ్చింది. అంటే ఈ న్యాయాన్ని మన ప్రభుత్వం ఒకసారి ఒప్పుకున్నదే.

ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. అమెరికాలోని మనం చేయగలిగిందీ ఉంది. హిందూపురం నుంచి మూడుసార్లు గెలిచిన ఎన్టీ రామారావు, క్యాన్సర్‌తో పోయిన భార్య బసవతారకం పేరిట తలపెట్టిన ఆసుపత్రి 2000లో హైదరాబాద్‌లో తెరుచుకుంది. అమెరికాలోని తెలుగు వైద్యులు దానికి అండగా నిలిచారు. ఇప్పుడు మన వంతు పని ఇంకొకటుంది. ఇండియాలో జరిగే ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్‌ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, కానీ అంతా ఇంగ్లీషులో ఉంటుంది. ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు అది వెతికి, చదివి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో, సంతకం పెట్టే ముందు ఏమేం అడగాలో తెలుగులో విడమర్చి చెప్పగలం.

ట్రయల్‌లో చేరాలా వద్దా అన్నది రోగీ డాక్టరూ కలిసి తేల్చుకోవాలి. ఖర్చుకు భయపడి వద్దనుకునే పరిస్థితిని మాత్రం ప్రభుత్వం తప్పించగలదు. ఆ నిబంధన రాయమని మన ఎమ్మెల్యేలను, మంత్రులను ఇక్కడి సభలకు వచ్చినప్పుడల్లా అడుగుదాం.