ఒకే ఇంట్లో వేరు కాపురం

వంటల పేజీ పక్కన ఈ కంప్యూటర్ గోల ఏమిటమ్మా అనుకుంటున్నారా? మీ ఇంట్లోనూ పదేళ్ల నాటి కంప్యూటర్ ఒకటి గుడ్డ కప్పుకుని మూలన కూర్చుని ఉంటే, దాన్ని పాత సామాన్లవాడికి వేసేముందు ఇది చదవండి.

మాది జనగామ. మా కంప్యూటర్ 2015లో కొన్నది, అందులో ఉన్నది విండోస్ 10. మైక్రోసాఫ్ట్ వాళ్లు దానికి మామూలుగా పంపే భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆపేశారు. పోనీ విండోస్ 11 వేయిద్దామంటే మా పాత ప్రాసెసర్ దానికి పనికిరాదట. రిపేరు షాపు అబ్బాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మొత్తం ఫార్మాట్ కొట్టి వేరేది వేస్తా ఆంటీ, లేదంటే కొత్తది కొనుక్కోండి" అని.

ఫార్మాట్ అంటే తుడిచేయడమే కదండీ! అందులో మా వారి ఎరువుల దుకాణం లెక్కలున్నాయి. అంతకంటే ముఖ్యం, మా అత్తమ్మ పాటలున్నాయి. పోయే ముందు ఏడాది ఆమె పాడుతూ ఉంటే మా వారు పక్కన కూర్చుని టైపు చేసిన బతుకమ్మ పాటలు, నలభై పైనే. పెన్‌డ్రైవ్‌లో కాపీ లేక కాదు. అవి అను అక్షరాలతో చేసినవి. ఆ అక్షరాలు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు కనబడతాయి. భూపాలపల్లిలో ఉండే మా ఆడబిడ్డ ఏటా ఎంగిలిపూల నాటికి ఫోన్ చేస్తుంది, "వదినా, అమ్మ పాట పంపవా" అని. ఆమెకు ఏం చెప్పను?

సంక్రాంతి సెలవుల్లో మహబూబాబాద్ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. "విండోస్ జోలికి పోవద్దు చిన్నమ్మా, చిన్న ఎస్‌ఎస్‌డి ఒకటి కొని దాంట్లో లినక్స్ మింట్ వేద్దాం" అన్నాడు. లినక్స్‌కు పైసా కట్టక్కర్లేదు. ఒకే డ్రైవ్‌ను రెండు భాగాలు చేసి కూడా రెండూ పెట్టవచ్చునట. నాకది నచ్చలేదు. ఒకే డబ్బాలో అట్టముక్క అడ్డం పెట్టి ఇటు కారం, అటు చక్కెర పోస్తామా ఎవరమైనా? (ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మాత్రం రెండో డ్రైవ్‌కు చోటుందో లేదో ముందు కనుక్కోండి. చాలావాటికి ఉండదు.)

ముందుగా పాటలన్నీ విండోస్‌లోనే తెరిచి పీడీఎఫ్‌లుగా చేయించాను. అలా చేస్తే ఎక్కడైనా తెలుగులోనే కనిపిస్తాయి. తర్వాత వాడు విండోస్‌లో "ఫాస్ట్ స్టార్టప్" తీసేశాడు. అది ఉంటే విండోస్ పూర్తిగా నిద్రపోదట, సగం కన్ను తెరిచే ఉంటుందట. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత చేసిన పని నాకు భలే నచ్చింది. కరెంటు ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, విండోస్ డ్రైవ్ కేబుల్ ఊడదీశాడు. తీగే లేనప్పుడు, పొరపాటున ఏ బటన్ నొక్కినా అత్తమ్మ పాటలు చెరిగిపోవు కదా! పెన్‌డ్రైవ్ నుంచి కొత్త డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించి, అంతా అయ్యాక మళ్లీ కరెంటు తీసి కేబుల్ తగిలించాడు. ఇప్పుడు ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కితే ఏది కావాలో అడుగుతుంది. కొన్ని కంపెనీల వాటికి ఎఫ్9, ఎఫ్11, ఎస్కేప్ కూడా ఉంటాయి.

మర్నాడు ఒక తమాషా జరిగింది. సాయంత్రం నాలుగింటికి విండోస్ తెరిచిన మా వారు "ఇదేమిటే, పదిన్నర చూపిస్తోంది!" అన్నారు. లోపలి గడియారంలో లినక్స్ గ్రీన్‌విచ్ సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్‌లో ఒక్క ఆదేశం ఇస్తే సర్దుకుంది.

ఇప్పుడు విండోస్‌కు ఇంటర్‌నెట్ ఇవ్వడం లేదు. దుకాణం లెక్కలకూ, పాత ఫైళ్లకూ మాత్రమే అది. కరెంటు బిల్లు, బ్యాంకు పని అంతా లినక్స్‌లోనే. అందులో వాడుకునే తెలుగు అక్షరాల్లో "పోతన 2000" అని ఒకటుంది. పోతన గారి ఊరని మేం చెప్పుకునే బమ్మెర మా జనగామ జిల్లాలోదే! మధ్యాహ్నం పని తెమిలాక ఆ అక్షరాలతోనే పాటలు ఒక్కొక్కటీ మళ్లీ టైపు చేస్తున్నాను. పదకొండు అయ్యాయి. పన్నెండో పాటలో ఒక మాట అత్తమ్మ అన్నది అదేనా అని అనుమానంగా ఉంది. రాత్రికి భూపాలపల్లికి ఫోన్ చేయాలి.