నవ్వుకు కొలబద్ద

మొన్న వేసవిలో అక్కతోనూ మేనకోడలితోనూ పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లాను. అమ్మాయికి పదహారేళ్లు. కొరకటానికీ నమలటానికీ ఆ పళ్లు ఏ లోటూ చేయలేదు. కాస్త ఎత్తుగా ఉంటాయి, అంతే. మా అమ్మకూ అలాగే ఉండేవి. డాక్టరు పక్కనుంచి తీసిన ఎక్స్‌రే మీద ముక్కు కొస నుంచి గడ్డం దాకా ఒక గీత గీశాడు. పెదవులు దానికి లోపలే ఉండాలట, బయటికి వచ్చాయట. నాలుగు పళ్లు పీకి తీగ బిగించాలన్నాడు. అమ్మాయి ఆ బొమ్మకేసి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆనాటి నుంచి నవ్వు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి పైకి లేస్తూనే ఉంది.

ఆ గీత పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. అమెరికాలో రికెట్స్ అనే దంతవైద్యుడు 1950లలో ప్రచారంలోకి తెచ్చినది. దానికి కొంచెం ముందు, 1948లో, డౌన్స్ అనే మరొకాయన దవడల కోణాలకు ఒక పట్టిక తయారుచేశాడు. దానికి ఆధారం 20 మంది తెల్లజాతి పిల్లలు. ఇరవై మందే!

ముఖాన్ని ఎంచటం మనకు మాత్రం కొత్తా? ముక్కు మీద పద్యం చెప్పి ముక్కు తిమ్మన అయ్యాడన్న కథ నేనే ఏటా తరగతిలో చెబుతున్నాను. అయితే ఆ కవి చేతిలో సంపెంగ పువ్వే గాని కొలకర్ర లేదు. కొలకర్ర దొరలు తెచ్చారు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100తో హెచ్చవేస్తే ఒక అంకె వస్తుంది. 70కి లోపయితే సన్నముక్కు, 85 దాటితే చప్పిడిముక్కు. 1891లో రిస్లీ దొర వంగదేశపు కులాలను ఇలా కొలిచి, ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువ అని సూత్రం కట్టాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనరు ఈ పెద్దమనిషే. కులాలను గౌరవమర్యాదల వరసలో పేర్చమన్నదీ ఆయనే.

మన వైపు కొలిచినవాడు మద్రాసు మ్యూజియం అధిపతి థర్‌స్టన్. రంగాచారి సహాయంతో 1909లో ఆయన అచ్చువేసిన ఏడు సంపుటాలు మా కాలేజీ గ్రంథాలయంలో దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. మన కులాల ముక్కులన్నీ అందులో అంకెలై కూర్చున్నాయి. తనను చూసి వయనాడు పణియ స్త్రీలు పారిపోయారనీ, తమలో బాగున్నవాళ్లను చంపి గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని భయపడ్డారనీ ఆయనే రాసుకున్నాడు. అలా వీలయితే ఎంత బాగుండునని ఒక ఛలోక్తి కూడా విసిరాడు! చదువురాని ఆ స్త్రీలకు ఆ శాస్త్రం బాగానే అర్థమయిందని నాకనిపించింది.

ఈ అంకెలకు దిమ్మతిరిగే జవాబు అంబేద్కర్ 1948లో ‘అంటరానివారు’ గ్రంథంలో చెప్పాడు. కొలతలు అబద్ధమని ఆయన కొట్టిపారెయ్యలేదు. ఘుర్యే పుస్తకంలోని ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణుల అంకెల పక్కన అస్పృశ్యుల అంకెలు పెట్టాడు. ఈ శాస్త్రాన్ని నమ్మేటట్లయితే ఇద్దరిదీ ఒకే జాతి అని తేల్చాడు. దొరల కర్రతోనే దొరల సిద్ధాంతానికి దెబ్బ!

కొలిచేవాళ్లలోనూ నిజాయితీపరులున్నారు. ముక్కు వెడల్పూ కళ్ల నడిమి దూరమూ సమానంగా ఉండాలన్న పాత చిత్రకారుల నియమం ఉత్తర అమెరికా తెల్లవాళ్లలోనే ఎక్కువమందికి సరిపోదని ఫర్కాస్ బృందం 1985లో చూపింది. 2005లో 25 దేశాలలో 1470 మంది యువతీయువకులను కొలిచింది. దాంతో ఏ జాతికి ఆ జాతి సగటే ప్రమాణమనే మాట బలపడింది. ఇది కొంత నయమే. కాని మన దేశంలో ఆ ఒక్క సగటు ఎవరి ముఖం? శ్రీకాకుళానిదా, కాశ్మీరుదా? పైగా సగటుకు అటూ ఇటూ మనుషులుంటేనే గదా సగటు వచ్చేది!

ఇదంతా అక్కకు చెప్పాను. ఓపికగా వింది.

“నీ పుస్తకాలు నిజమేరా తమ్ముడూ! రేపు పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు అవి చదివి వస్తారా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి పక్కగదిలోంచి వింటూనే ఉంది. సాయంత్రం మా అమ్మ పాత ఫోటో అడిగి తీసుకుంది. పళ్లన్నీ కనిపించేట్టు అమ్మ నవ్వుతున్న ఫోటో అది. అద్దం దగ్గర నిలబడి చాలాసేపు చూసుకుంది. డాక్టరు రమ్మన్నది వచ్చే సోమవారం.