గుర్రం మీది బరువు

గుర్రప్పందేలనగానే మన పెద్దలకు గుర్తొచ్చేవి రెండే రెండు: అమ్ముకున్న పొలం, తాకట్టుకెళ్ళిన పుస్తెలతాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. కాబట్టి ఇది చదివి ఎవరైనా మలక్‌పేట బస్సెక్కితే ఆ పాపం నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. నేను రాయదలచుకున్నది పోల్చడం గురించి. ఇద్దరిలో ఎవరు మెరుగో తేల్చడానికి మనం వాడే కొలతల గురించి. ఈ విషయం నాకు స్టాటిస్టిక్స్ క్లాసులో కన్నా రేసు పుస్తకంలోనే బాగా వంటబట్టింది.

హైదరాబాదు రేసులు మొదట మౌలాలీలో జరిగేవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారాయి. అదే మలక్‌పేటలో మిర్చి మార్కెట్ కూడా ఉంది. రైతు చేతిలో పంట డబ్బు పడే చోటికీ, గుర్రాలు పరిగెత్తే చోటికీ దూరం లేదు. చలికాలపు రేసులు పూర్తికాకముందే కొత్త మిర్చి రావడం మొదలవుతుంది. మా బాబాయి రెండేళ్ళ క్రితం అలాంటి రోజుల్లోనే మిర్చి అమ్ముకుని, రాత్రికి నా గదికి వచ్చాడు. సంచిలోంచి రేసు పుస్తకం తీసి నా మంచం మీద పెట్టాడు.

"ఒరే అబ్బాయ్, లెక్కలు చదువుతున్నావు గదా. దీంట్లో ఏది గెలుస్తదో చూసి చెప్పు."

లోపలి బనీను జేబులో పంట డబ్బుంది. ఆ డబ్బు కోసం ఊళ్ళో పురుగుమందుల కొట్టు బాకీ కాచుకుని ఉంది. మా చెల్లెలి ఇంటర్ ఫీజు ఉంది. నాకు గుండె దడదడలాడింది. వద్దంటే వినే మనిషి కాదు. సరే, చూద్దాం పట్టు బాబాయ్ అని పుస్తకం తెరిచాను.

ఒక్కో గుర్రం పేరు కింద దాని పాత పరుగులు వరసగా ఉన్నాయి. ఎన్నో స్థానం, ఎంత దూరం, ఎంత బరువు, ఎవరు జాకీ, ఎంత టైము, ముందున్న గుర్రానికి ఎంత వెనక. కొత్తవాడి కన్ను మొదట స్థానం మీదే పడుతుంది. కిందటిసారి ఒకటి మొదట వచ్చింది, ఇంకోటి మూడో స్థానంలో వచ్చింది, కనక మొదటిదే మేలు అనుకుంటాడు. అక్కడే కాలు జారుతుంది. హ్యాండికాప్ రేసులో అన్ని గుర్రాలూ ఒకే బరువు మొయ్యవు. బాగా పరిగెత్తేదానికి ఎక్కువ, వెనకబడేదానికి తక్కువ. జాకీ బరువు చాలకపోతే సీసం పలకలు పెట్టి సరిచేస్తారు. గుర్రాల పాత పరుగులు చూసి ఈ బరువులు నిర్ణయించేవాడే హ్యాండికాపర్. అన్ని గుర్రాలూ ఒకే గీత మీద ముగించేట్టు చెయ్యగలిగితే అతని పని నూటికి నూరుపాళ్ళూ జరిగినట్టు.

బాబాయికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. 'క' అనే గుర్రం, 'ఖ' అనే గుర్రం అనుకో. 1200 మీటర్ల పరుగులో 'క' 60 కిలోలు మోసింది, 'ఖ' 52 మోసింది. 'ఖ' గెలిచింది. 'క' రెండు లెంగ్తులు వెనక వచ్చింది. లెంగ్తంటే ఒక గుర్రం పొడుగు, సుమారు ఎనిమిదడుగులు. ఇప్పుడు అదే దూరానికి 'క'కి 59, 'ఖ'కి 55.5 పడింది. అప్పుడు తేడా 8 కిలోలు, ఇప్పుడు 3.5. అంటే 4.5 కిలోలు 'క' వైపు మొగ్గింది. పొట్టి పరుగుల్లో కిలోన్నరకు దాదాపు ఒక లెంగ్తని ఒక మోటు లెక్క ఉంది. మైలు దూరానికి వస్తే కిలోకే ఒక లెంగ్తు. ఆ లెక్కన 4.5 కిలోలంటే మూడు లెంగ్తులు. రెండు లెంగ్తులు ఓడిన 'క' ఈసారి ఒక లెంగ్తు ముందుండాలి.

బాబాయి ముఖం వెలిగింది. "మా ఎడ్ల పందేల్లాగే ఉందిరా ఇది" అన్నాడు. నిజమే. మావైపు ఒంగోలు ఎడ్ల చేత బండ లాగించేటప్పుడు పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని విడివిడిగా కట్టిస్తారు. ఎంత బండ, ఎంతసేపు, ఎన్ని అడుగులు అనే మూడూ చెప్తేగాని ఆ జత సంగతి తేలదు. గుర్రాలకూ వయసును బట్టి బరువుల పట్టిక ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు.

బరువు ఒక్కటే చాలదు. వానాకాలపు మెత్తని నేల మీద టైముకూ, చలికాలపు గట్టి నేల మీద టైముకూ పోలిక లేదు. నేల మెత్తదనం చూడడానికి పెనెట్రోమీటరు గుచ్చుతారు. చిన్న తరగతిలో గెలుపు, పెద్ద తరగతిలో నాలుగో స్థానం కన్నా తక్కువది కావచ్చు. ఒక్కసారి విరగబడి గెలిచిందాన్ని మరీ నమ్మకూడదు. ఆనాటి గెలుపులో సత్తా కొంత, అదృష్టం కొంత. సత్తా ఉంటుంది, అదృష్టం మళ్ళీ రావాలని లేదు. దీన్నే సగటు వైపు మళ్ళడం అని గాల్టన్ బఠాణీ గింజల తూకాలతో కనిపెట్టాడు.

బరువు ఏం చేస్తుందో చెప్పడానికి ఫార్ లాప్ ఒక్కటి చాలు. 1930 మెల్బోర్న్ కప్పును ఈ గుర్రం సుమారు 62.5 కిలోలు మోసి గెలిచింది. 1931లో దాని మీద 68 కిలోలు వేశారు. రెండు మైళ్ళ పరుగులో ఎనిమిదో స్థానంలో వచ్చింది. ఆ ఏడు గెలిచిన వైట్ నోజ్ మోసింది 44 కిలోలకు లోపే. ఆ ఒక్క రోజు ఫలితమే చూసినవాడు ఫార్ లాప్‌ను మామూలు గుర్రమనుకుంటాడు.

ఇదంతా విని బాబాయి కాసేపు చుట్ట నలుపుతూ కూచున్నాడు. తర్వాత అడిగాడు: "మరి ఆ బరువులేసేవాడు ఇవన్నీ ముందే చూసుంటాడు గదరా?"

"చూశాడు బాబాయ్."

"పందెం కాసే మిగతావాళ్ళు?"

"వాళ్ళూ చూస్తారు. అందరూ చూసిన గుర్రానికి గెలిచినా వచ్చేది తక్కువ. పైగా పన్నులూ, క్లబ్బు వాటా పోయాకే టోటు డబ్బు పంచుతారు."

"అయితే నువ్వు చూసి నాకు ఎక్కువ చెప్పేదేముంది?"

మా డిపార్ట్‌మెంటులో ఇంతకన్నా మంచి ప్రశ్న నేను వినలేదు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేలు ప్రధానంగా నైపుణ్యంతో కూడినవని తీర్పు చెప్పింది. నిజమే కావచ్చు. కానీ నా నైపుణ్యం మిగతావాళ్ళకన్నా ఎక్కువైతేనే నాకు లాభం. లేకపోతే అది వాళ్ళ లాభం. బాబాయే మళ్ళీ అన్నాడు, "మిర్చి కూడా ఇంతేరా. నిరుడు గెలిచిందని అందరం అదే వేస్తిమి. ధర కాస్తా చతికిలబడె." 2023లో ఊరించిన మిర్చి ధర 2025 మొదట్లో ఎంతగా పడిందంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఆదుకునే ధర ప్రకటించాల్సి వచ్చింది. గెలిచిన పంట మీద మార్కెట్టే బరువు వేసింది.

ఆ రాత్రి ఆయన డబ్బు బనీను జేబులోనే ఉంది. తెల్లారి ఊరి బస్సెక్కాడు. రేసు పుస్తకం నా దగ్గరే వదిలేశాడు.

మిత్రులారా, దాన్ని అప్పుడప్పుడు తిరగేస్తుంటాను. పందెం కోసం కాదు, అందులో బరువుకు విడిగా ఒక గడి ఉన్నందుకు. మన మార్కుల జాబితాలో ఆ గడి లేదు. తెల్లారగట్ల మోటారు వేసి, మడి తడిపి, ఆరు మైళ్ళు సైకిలు తొక్కి పరీక్ష రాసినవాడి యాభై ఎనిమిదీ, కోచింగు సెంటరు పక్కనే గది తీసుకున్నవాడి అరవై రెండూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి పడతాయి. అరవై రెండు తెచ్చుకున్నవాడి కష్టాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వాడు మోసిన బరువూ మనకు తెలియదు. లెక్చరర్లకు నా మనవి ఒక్కటే: ఏ కుర్రవాణ్ణయినా వెనకబడ్డాడని తేల్చేముందు, ఎంత మోసుకుంటూ వచ్చాడో ఒక్కమాట అడగండి. గుర్రానికి ఆ న్యాయం వంద ఏళ్ళకు పైగా జరుగుతూనే ఉంది.