వానకాలపు పరిచర్యకు ఏ షూ కొనాలి?



గత నెల కానుకల లెక్క చదివినప్పుడు "సైకిల్ షూ, నాలుగు జతలు" అన్న మాట దగ్గర కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో తప్పు లేదు. దూరాన ఉండి కానుక పంపే మన బిడ్డలు ఫోన్ చేసి మరీ అడిగారు, సైకిల్ తొక్కడానికి ప్రత్యేకంగా షూ ఎందుకండీ అని. అడగవలసిన ప్రశ్నే. ప్రతి రూపాయి వెనుక ఎవరిదో ఒక రోజు కూలి ఉంటుంది. కాబట్టి వివరంగా చెబుతాము.

బుధవారం, శనివారం మేము నలుగురం పై గూడేలకు వెళ్తామని మీకు తెలుసు. గెడ్డ దాటాక మోటారు సైకిల్ పోదు. కాఫీ తోటల మధ్య బాట ఒక మనిషి వెడల్పే. గేర్ సైకిళ్లు వచ్చాక తొక్కగలిగినంత దూరం తొక్కుతాము, తొక్కలేని చోట దిగి తోసుకుంటాము, గెడ్డలో భుజాన వేసుకుంటాము. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, ఆ తరువాత తుపాను ముసుర్లు, డిసెంబరు వచ్చిందంటే మంచు. లంబసింగి వైపు పొద్దున్నే వెళ్లినవారికి ఆ గడ్డి మీది చలి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అంటే ఒకే జత వానకూ, బురదకూ, చలికీ పనికిరావాలి.

ముందు పెడల్ సంగతి. పందెం సైకిళ్ల వాళ్లు షూ అడుగున ఇనుప ముక్క బిగించి పెడల్‌కు తగిలించుకుంటారు. అది మన బాటకు పనికిరాదు. బురద పట్టిందంటే ఊడి రాదు, ఊడి రాకపోతే సైకిల్‌తో పాటే పడాలి. మావి బల్లపరుపు పెడళ్లు. వాటి మీద చిన్న చిన్న ఇనుప పిన్నులు పైకి ఉంటాయి. షూ అడుగు రబ్బరులోకి ఆ పిన్నులు దిగితే కాలు కదలదు, కావాలనుకున్న క్షణంలో కింద పెట్టుకోవచ్చు. హవాయి చెప్పుతో తొక్కితే తడిసిన వెంటనే కాలు జారుతుంది, తిరిగిన పెడల్ వచ్చి కాలి ఎముకను గీరుతుంది. మా యౌవనస్థులిద్దరి కాళ్ల మీదా ఆ గుర్తులు ఉన్నాయి. వాళ్లు వాటిని గొప్పగా చూపించుకుంటారు, అది వేరే విషయం.

రబ్బరు అన్నాను గదా, దానికో కథ ఉంది. 1935లో ఇటలీ దేశస్థుడు విటాలే బ్రమాని ఆల్ప్స్ పర్వతాల్లో తోటివారితో కొండ ఎక్కుతుండగా తుపాను పట్టుకుని ఆరుగురు చనిపోయారు. ఆ చలికీ ఆ మంచుకూ తగని పాదరక్షలు అందుకు ఒక కారణమని ఆయన మనసులో నాటుకుపోయింది. రెండేళ్ల తరువాత లోతైన గాడులు గల రబ్బరు అడుగు తయారు చేశాడు. వైబ్రం అనేది ఆయన పేరులోంచి వచ్చిన మాటే. నడకకు అది గొప్ప సాధనం. అయితే పిన్నులున్న పెడల్ మీద లోతు గాడులు సరిగా కూర్చోవు. గాడికీ గాడికీ మధ్య పిన్ను పడితే కాలు మనకు కావలసిన చోట కాక అది చూపిన చోట ఆగుతుంది. పెడల్‌కు కావలసింది గాడులు తక్కువగా ఉండి చదునుగా, మెత్తగా, జిగురుగా పట్టే రబ్బరు. అలాంటిది 1985లో అమెరికాలో మొదలైన ఫైవ్ టెన్ అనే కంపెనీ కొండరాళ్లు ఎక్కేవాళ్ల కోసం చేసింది. సైకిళ్లవాళ్లు తరువాత దాన్ని పట్టుకున్నారు. మేము కొన్నది ఆ కంపెనీ షూ కాదు, అంత ఖరీదు మనకు వద్దు. కానీ కొట్లో అడుగు తిరగేసి చూసింది ఈ లెక్కనే. మధ్యలో చదును, బొటనవేలి కిందా మడమ కిందా మాత్రం కొంచెం గాడి, ఎందుకంటే ఎర్రమట్టి గట్టు మీద సైకిల్ తోసుకుంటూ ఎక్కేటప్పుడు అవే ఆధారం.

ఇక నీళ్లు. కొట్టు అబ్బాయి మొదట చూపించింది నీళ్లు చొరని జత. 1969లో రాబర్ట్ గోర్ ఒక రకం ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా లాగి సాగదీసి కనిపెట్టిన పొర అందులో ఉంటుంది. నీటి చుక్క లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. మంచి వస్తువే. చలిదేశంలో, చినుకులు పడే దారిలో అది ధన్యకరమైనది. కానీ మన గెడ్డలో నీళ్లు పిక్కల దాకా ఉంటాయి. నీళ్లు షూ తోలులోంచి రావు, పైనుంచి చీలమండ దగ్గర దిగుతాయి. లోపలికి రానివ్వని పొర, దిగిన నీటిని బయటికీ పోనివ్వదు. రెండు చిన్న బిందెలు కాళ్లకు కట్టుకుని ఆరు కిలోమీటర్లు తొక్కినట్టు ఉంటుంది. అందుకే మేము పక్కల జల్లెడలా గుడ్డ ఉన్న జతే ఎంచుకున్నాము. తడుస్తుంది, నిజమే. గెడ్డ దాటాక ఇరవై అడుగులు నడిస్తే నీళ్లు కారిపోతాయి. షూ తడవకుండా ఉంటుందా అని కాదు, తడిశాక ఏం చేస్తుంది అని మేము అడిగాము. చలికాలానికి దాంట్లోనే మందమైన ఉన్ని మేజోళ్లు. నూలు మేజోళ్లు తడిని పట్టుకుని వదలవు.

ఇంత ఆలోచించడానికి అసలు కారణం ఇంకా చెప్పలేదు. మాలో నాలుగోవారు మన సంఘపెద్ద గారు. ఆయనకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. అరికాళ్లకు స్పర్శ లేదు. గత వానకాలంలో బొటనవేలి కింద పుండు పడితే ఆయనకు తెలియనే లేదు. రాత్రి చాప మీద రక్తపు మరక చూసి ఆయన భార్య కేక వేస్తే తెలిసింది. అది మానడానికి మూడు నెలలు పట్టింది. "అయ్యగారూ, ఇక ఆయనను కొండకు పంపను" అని అమ్మగారు ఏడ్చింది. ఆయనేమో, "అయ్యగారూ, పై గూడెంలో ముసలివాళ్లకు నా భాషే అర్థమవుతుంది, నేను మానను" అన్నారు. ఇద్దరి మాటా న్యాయమే.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారిని గూర్చి మీలో కొందరు వినే ఉంటారు. ఆయన మిషనరీల బిడ్డ, తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టినవారు. కుష్ఠు రోగుల వేళ్లు రోగం తినేస్తోందని లోకమంతా అనుకుంటున్నప్పుడు, కాదు, నొప్పి తెలియకపోవడం వల్లనే గాయాలై పోతున్నాయని ఆయన చూపించారు. ఒక్క పెద్ద దెబ్బే పుండు చేయనక్కరలేదు. ఒకే చోట చిన్న ఒత్తిడి వేలసార్లు పడినా చాలు. మనకు నొప్పి పుడితే తెలియకుండానే అడుగు మార్చి వేస్తాము. స్పర్శ లేనివారు మార్చరు. షుగర్ పాదం సంగతీ అంతే.

ఇప్పుడు పెడల్ మీద ఆలోచించండి. గంటలో ఎన్ని వందలసార్లు అరికాలు అదే చోట నొక్కుకుంటుంది! పలుచని కాన్వాసు షూ అయితే పెడల్ ఇరుసు, పిన్నులు అన్నీ ఒక్క చోట పడతాయి. కాబట్టి ఆయన జతకు అడుగు గట్టిగా ఉండాలి, చేత్తో వంచితే వేళ్ల దగ్గర తప్ప వంగకూడదు. అప్పుడు బరువు పాదమంతటా పరుచుకుంటుంది. లోపల మాత్రం మెత్తన కావాలి. అందుకని డాక్టరు గారిని అడిగి, ఎం.సి.ఆర్. రబ్బరు అట్ట ఆయన పాదం కొలతకు కోయించి లోపల వేయించాము. అది పట్టాలంటే షూ లోతుగా ఉండాలి గనుక ఒక సైజు పెద్దది తీసుకున్నాము. కొలత సాయంత్రం చూశాము, పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. ముందుభాగం వెడల్పు, లోపల కుట్లు తగలకుండా నునుపు, లేసు కొసలు గొలుసులో పడకుండా దోపుకునే పట్టీ. ఆయన "బిగువుగా లేదే" అన్నారు. స్పర్శ లేనివారికి బిగువుగా ఉన్నదే సరిపోయినట్టు అనిపిస్తుందట. కాబట్టి ఆ మాట మేము వినలేదు.

ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో నలభై సంవత్సరాల అరణ్య ప్రయాణంలో ఇశ్రాయేలీయుల కాళ్లు వాయలేదని మోషే గుర్తు చేస్తాడు. మన్నాను గూర్చి వంద ప్రసంగాలు విన్నాము, ఈ కాళ్ల మాట మీద ఒక్కటీ వినలేదు. దేవుడు అంత పెద్ద జనాంగాన్ని నడిపిస్తూ అరికాళ్ల వంక చూశాడు. మాకు ఆ మాట ఈ ఏడు వేరేగా వినబడింది.

షూ ఎంత మంచిదైనా చూసే కళ్లు వేరే కావాలి. ఎవరి అరికాలు వారికి సరిగా కనబడదు. పెద్ద గారికి చూపు కూడా తగ్గింది. అందుచేత ఇప్పుడు గూడెం చేరగానే, ప్రార్థనకు ముందు, మా చిన్నవాడు ఆయన పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి చూస్తాడు. నీళ్ల వేడి వాడే మోచేతితో చూస్తాడు, ఆయనకు తెలియదు గనుక. మొదటి రోజు ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నారు. సంఘపెద్దను, నాకు వీడు కడగడమేమిటి అని. యోహాను సువార్తలో పేతురు కూడా అలాగే లాక్కున్నాడని వాడే చెప్పాడు. ఆయన నవ్వి కాళ్లు ఇచ్చారు.

తడిసిన షూ పొయ్యి దగ్గర పెట్టకండి, జిగురు ఊడిపోతుంది. లోపలి అట్ట తీసి విడిగా ఆరబెట్టి, పాత వార్తాపత్రికలు ఉండచుట్టి లోపల కూరితే తెల్లారేసరికి తడి పీల్చుకుంటాయి. పొద్దున్నే దులపకుండా కాలు పెట్టవద్దు. తేలుకు, జెర్రికి చీకటి షూ కంటే మంచి ఇల్లు దొరకదు, పెద్ద గారికి అది కుట్టినా తెలియదు.

నాలుగు జతలూ మందిరం వసారాలో ఉన్నాయి, ఆదివారం చూడవచ్చు. ఖర్చు రసీదు కానుకల పుస్తకంలో అంటించాము. పాత వార్తాపత్రికలు ఉన్నవారు పారేయకుండా తీసుకు రండి. షుగర్ ఉన్నవారు ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి, మా ఇంటావిడ టార్చి పట్టుకుని కూర్చుంటుంది.