గండికోటలో ఒక్కడినే... ఒక్క రాత్రి!

'మెకన్నాస్ గోల్డ్' సినిమా చూశారా? 1969లో వచ్చింది. ఎర్రటి లోయలు, వాటిమీద తిరిగే రాబందు, పొద్దు పొడిచేవేళ బారుగా సాగిపోయే రాతిస్తంభం నీడ... అబ్బ! మా నాన్న దాన్ని కుర్రతనంలో తిరుపతిలో నాలుగుసార్లు చూశాడట. ఆయన నోట కథ వినీ వినీ, ఆనక ఫోనులో నేను చూసీ చూసీ, అలాంటి లోయ అంచున ఒక్క రాత్రయినా ఒంటరిగా పడుకోవాలనే పిచ్చి నాకూ పట్టింది.

అమెరికా పోవాలంటే మాటలా! కృష్ణగారయితే 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' కోసం రాజస్థాన్ ఎడారులదాకా వెళ్ళారు. మరి మన సంగతో? మా శేషాచలం కొండల్లో తుంబురు తీర్థం దారిలో నిలువునా చీలిన రాతిగోడలు లేకపోలేదు. అయితే అది రక్షిత అడవి. అనుమతి లేకుండా అడుగే పెట్టకూడదు, ఇక రాత్రి పడక మాట దేవుడెరుగు. అప్పుడు గుర్తొచ్చింది గండికోట! 2023లో శంకర్, కమల్‌హాసన్ 'భారతీయుడు 2' షూటింగుకి వచ్చింది అక్కడికే కదా!

ఇక్కడే నా తప్పొకటి ఒప్పేసుకుంటాను. ఒక్కడినే కొండల్లో పడుకుంటానంటే అమ్మ పంపదు. "కడపలో ఫ్రెండు పెళ్ళి" అని ఓ అబద్ధం పారేసి, డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామునే బస్సెక్కాను. రేణిగుంట, బాలపల్లె అడవి, కోడూరు మామిడితోటలు, రాజంపేట, కడప. అక్కడ బస్సు మారి జమ్మలమడుగు. అక్కణ్ణుంచి ఆటోలో మరో 15 కిలోమీటర్లు. నేల ఎర్రబడుతూ, చెట్లు పొట్టివవుతూ, ఆకాశం పెద్దదవుతూ వచ్చింది.

కోట గుమ్మం దాటితే లోపల వూరు. జామియా మసీదు, పక్కనే పెద్ద ధాన్యాగారం, కాస్త దూరంలో మాధవరాయస్వామి గుడి గోపురం, రంగనాథస్వామి గుడి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోలకొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో పడింది. ఫ్రాన్సునుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఆయన్ని కలిసింది ఇక్కడే.

మసీదు దాటి బండలమీద దూకుకుంటూ పోయాను. వున్నట్టుండి నేల అయిపోయింది! కాళ్ళకింద పాతాళంలో పెన్నానది. అటూ ఇటూ ఎర్రటి రాతిగోడలు, ఎవరో ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా. ఎర్రమల కొండల్ని నది కోసుకుంటూ పోతే పడిన గండి ఇది. గండి పక్కన కోట గనుక గండికోట. ఈ వైపు శత్రువు ఎక్కి రావడం కల్ల. లోయే కందకం!

కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లపైనే. దానిముందు మనది చంటిపిల్ల. అయితేనేం, రాయి వయసు మాత్రం వంద కోట్ల ఏళ్ళు దాటింది. మా తిరుమల కొండలమీది రాయీ, ఈ రాయీ ఒకే 'కడప బేసిన్' కుటుంబం. పొరుగు జిల్లాకి వచ్చాననుకున్నాను, తీరా చూస్తే చుట్టాలింటికే వచ్చాను!

అక్కడ గుడారాలు అద్దెకిస్తారు. ఒకటి తీసుకుని, టీకొట్టు నడిపే పెద్దామెకి రాత్రికి సంగటి, చెనిక్కాయల చట్నీ చెప్పాను.

"ఒక్కడివే వచ్చినావా అబ్బీ? ఇంట్లో చెప్పినావా?" అంది.

"చెప్పినానమ్మా" అన్నాను. రెండో అబద్ధం!

"ఎనిమిదింటికల్లా వచ్చేయ్. సంగటి చల్లారితే బాగుండదు."

పొద్దు గుంకుతోంది. లోయ రాగిరంగు తిరిగింది. ఇంకా మంచి ఫొటో కావాలని అంచు దగ్గర కింది బండమీదికి దిగాను. చెప్పులాంటి బూట్లు, నున్నటి రాయి... జర్రున జారాను. పడింది ఆరడుగులే, కానీ చీలమండ మడతపడింది. లేవబోతే ప్రాణం పోయినంత నొప్పి. ఇంకో నాలుగడుగులు అవతల లోయ! ఫోనులో సిగ్నల్ లేదు. కేకవేస్తే నా కేకే ఎదుటి గోడకి తగిలి నా దగ్గరికి తిరిగొచ్చింది. చీకటి పడిపోయింది.

అప్పుడు జ్ఞాపకమొచ్చింది '127 అవర్స్'. 2010లో వచ్చింది, సంగీతం మన రెహమాన్. ఆరన్ రాల్‌స్టన్ అనే కుర్రాడి నిజం కథ. 2003 ఏప్రిల్‌లో యూటాలోని బ్లూజాన్ కాన్యన్‌లో ఒంటరిగా పోతుంటే పెద్ద బండ జారి కుడిచెయ్యి ఇరుక్కుపోయింది. ఎక్కడికి వెళుతున్నాడో ఎవరికీ చెప్పలేదు. వెతికేవాళ్ళెవరు? చివరికి ఆ చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. హాల్లో ఆ సీనుకి కళ్ళు మూసుకున్న నేను, అదే తప్పు చేసి కూచున్నాను! నేనెక్కడున్నానో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. వెతికితే కడపలో లేని పెళ్ళి దగ్గర వెతకాలి.

ఎంతసేపు గడిచిందో... పైన బ్యాటరీ లైటు కదిలింది. "ఓ అన్నా! యాడుండావు?" టీకొట్టామె కొడుకు! తొమ్మిదయినా నేను సంగటికి రాలేదని తల్లి పంపిందట. అతను దిగి, నా చెయ్యి భుజాన వేసుకుని పైకి లాక్కొచ్చాడు. పెద్దామె కాలికి గుడ్డ బిగించి కట్టి, ఒక్క మాట తిట్టకుండా సంగటి పెట్టింది. నిజంగానే చల్లారిపోయింది. అంత రుచయిన సంగటి మాత్రం నేను మళ్ళీ తినలేదు.

వూళ్ళో సిగ్నల్ దొరికింది. అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చాలాసేపు పలకలేదు. తర్వాత అంది: "మీ నాయన కూడా ఇట్లే, సినిమాల్లో చేరతానని చెప్పకుండా మద్రాసు పోయినాడు. మూడు దినాలు మీ అవ్వ అన్నం ముట్టలేదంట." సినిమా కథలన్నీ చెప్పిన నాన్న, ఈ కథ మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు!

గుడారంలోనే పడుకున్నాను. తెల్లారి కుంటుకుంటూ అంచుకి దూరంగా నిలబడ్డాను. పొద్దు పొడిచింది. నా నీడ బండమీద బారుగా సాగింది. సినిమాలో ఆ నీడ బంగారం దారి చూపిస్తుంది. నాది బస్సుస్టాపు వైపు పడింది, అంతే!

మీరూ వెళ్ళండి మిత్రులారా, తప్పక వెళ్ళండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ సుఖంగా వుంటుంది. పట్టున్న బూట్లు, రెండు లీటర్ల నీళ్ళు, టార్చిలైటు మరవద్దు. పొద్దు గుంకాక అంచు దగ్గర ఫొటోలు వద్దేవద్దు. ఒంటరిగా వెళ్ళినా ఫర్వాలేదు. చెప్పకుండా మాత్రం వెళ్ళొద్దు. ఫలానా వేళకి వస్తానని ఒక్కరికయినా చెప్పండి, అది టీకొట్టు పెద్దామెకయినా సరే!